సూరత్ బాటలో చల్లని గది

సాత్పురా కొండలలో పుట్టి పడమటి దిక్కుగా ప్రవహించే తాపీనది, అరేబియా సముద్రంలో కలవడానికి కొద్ది దూరం ముందు ఒక పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపులో వెలసిన నగరం సూరత్. మొగలాయీల కాలంలో మక్కాకు పోయే యాత్రికులు ఇక్కడికి వచ్చి ఓడ ఎక్కేవారు. 1608లో ఇంగ్లీషు వర్తకుల ఓడ ‘హెక్టర్’ వచ్చి లంగరు దించినది ఈ రేవు ముంగిటనే. నాలుగు వందల ఏళ్ళకు పైగా సూరత్‌కు ప్రయాణికులు కొత్త కాదు. ప్రయాణికులకు సూరత్ ఉక్కపోతా కొత్త కాదు.

1644లో, షాజహాన్ ఏలుబడిలో, ఈ నగరంలో బాటసారుల కోసం ఒక పెద్ద సరాయి నిర్మింపబడింది. మొగల్ సరాయి అని దానికి పేరు. దళసరి గోడలు, నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ గదులు. తరువాతి కాలంలో అది నగరపాలక సంస్థ కార్యాలయమైంది. ఎండలో పడి వచ్చిన యాత్రికుడు ఆ గోడల నీడన చతికిలబడి, సాయంత్రం వరకు సేదతీరి, చల్లపూట మళ్ళీ బయలుదేరేవాడు. ఆనాటి బాటసారికి చల్లదనం కావాలంటే ప్రయాణం ఆపవలసిందే.

నేటి ప్రయాణికుడు ఆగడానికి ఇష్టపడడు. ముంబై నుండి అహమ్మదాబాదుకు పోయే 48వ నంబరు జాతీయ రహదారి సూరత్‌కు తూర్పుగా పల్సానా, కడోదరా, కామ్రేజ్ కూడళ్ళ మీదుగా సాగిపోతుంది. ముంబై నుండి ఇక్కడికి సుమారు 280 కిలోమీటర్లు. ఇక్కడి నుండి అహమ్మదాబాదుకు సుమారు 265. పడక, పొయ్యి, నీళ్ళతొట్టి అన్నీ అమర్చుకొని ఇంటినే వెంట తీసుకుపోయే కారవాన్ మోజు మన దేశంలోనూ మొదలైంది. తెలుగువారికి ఈ మాట సినిమా షూటింగుల ద్వారా పరిచితమే. ఇల్లు బండి ఎక్కినప్పుడు ఇంటిలోని వాతానుకూల యంత్రం మాత్రం ఎందుకు దిగిపోవాలి? గోడకు బిగించే ఏసీనే బండికి బిగించి, బండి పరుగెత్తుతుండగానే దానిని నడపవచ్చునా?

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. దీనికి సమాధానం వెతకబోతే, ఈ బొంబాయి–సూరత్ బాట మీదనే తొంభై ఏళ్ళ కథ ఒకటి ఎదురవుతుంది.

ఆరని చెమట

సూరత్ ఎండను కరీంనగర్ ఎండతోనో, నల్లగొండ ఎండతోనో పోల్చడం సరికాదు. తెలంగాణ వేసవి పొడివేసవి. ఉష్ణోగ్రత 43 డిగ్రీలకు ఎగబాకినా, తడిగుడ్డ మెడకు చుట్టుకుంటే కాసేపటికి ప్రాణం లేచి వస్తుంది. నీరు ఆవిరి కావడానికి వేడి అవసరం. ఆ వేడిని తడిగుడ్డ ఒంటి నుండి లాగుకుంటుంది. మట్టికూజాలో నీళ్ళు చల్లబడడానికీ, గుమ్మానికి కట్టిన వట్టివేళ్ళ తడక గాలిని చల్లబరచడానికీ, నేటి ఎయిర్‌కూలరు పనిచేయడానికీ మూలసూత్రం ఇదే.

సూరత్‌కు సముద్రం దగ్గర. డుమస్ తీరం నగరం నుండి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అటునుండి వీచే గాలి తడిని మోసుకు వస్తుంది. తొలకరికి ముందటి రోజులలో ఉష్ణమాపకం 36 డిగ్రీలే చూపించినా మనిషికి ఊపిరాడదు. అప్పటికే తడితో నిండిన గాలి కొత్తగా ఆవిరిని పట్టుకోలేదు; చెమట కారుతుందే కాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

19వ శతాబ్దంలోనే మన రైళ్ళలో మొదటి తరగతి పెట్టెల కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీటితో తడిపే ఏర్పాట్లు జరిగాయి. పొడిగాలి వీచే ప్రాంతాలలో అవి హాయినిచ్చేవి. సముద్రపు గాలి తగిలే చోట తడి మీద తడి చేర్చడం ఉక్కను పెంచడమే అవుతుంది. కనుక ఇటువంటి చోట గదిలోని వేడినీ, తడినీ కూడా బయటికి పంపే ఉపాయం కావాలి.

మంచుదిమ్మల మెయిలు

బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వేకు సూరత్‌తో పుట్టుక నాటి అనుబంధం ఉన్నది. ఆ సంస్థ తొలి మార్గం 1860 ఫిబ్రవరిలో అంకలేశ్వర్ నుండి, తాపీకి ఆవలి ఒడ్డున సూరత్‌కు ఎదురుగా ఉన్న ఉత్రాణ్ వరకు తెరవబడింది. నాలుగేళ్ళకు, 1864లో, ఆ దారి బొంబాయిని చేరింది. ఆ సంస్థ 1928 సెప్టెంబరు 1న ఒక కొత్త రైలును ప్రారంభించింది. బొంబాయి నుండి సూరత్, బరోడా, రత్లాం, ఢిల్లీల మీదుగా పెషావరు దాకా పోయే ఆ రైలు పేరు ఫ్రాంటియర్ మెయిల్. 1996 నుండి అదే గోల్డెన్ టెంపుల్ మెయిల్ అనే పేరుతో ముంబై, అమృత్‌సర్‌ల మధ్య తిరుగుతున్నది.

అంతకు ముందు వేసవిలో ప్రయాణించే సంపన్నులు స్టేషనులో మంచుదిమ్మను కొని, తగరపు తొట్టిలో పెట్టి, పెట్టె నడుమ ఫ్యాను కింద ఉంచుకునేవారు. 1934లో ఫ్రాంటియర్ మెయిల్ ఆ పద్ధతినే యంత్రబద్ధం చేసింది. పెట్టె అడుగున, నేలకు కింద, గాలి చొరబడని అరలు అమర్చి వాటిలో మంచుదిమ్మలు పేర్చేవారు. బ్యాటరీతో తిరిగే ఊదుడు యంత్రం ఆ మంచు మీదుగా గాలిని తోసి, ఆ చల్లగాలిని పైనున్న పెట్టెలోకి పంపేది. దారిలో నిర్ణీత స్టేషనులలో మంచు కరిగినంత మేరకు మళ్ళీ నింపేవారు. మన దేశపు రైళ్ళలో వాతానుకూలనం ఈ విధంగా మొదలైంది.

ఈ ఏర్పాటులోని తెలివి గమనింపదగినది. చల్లదనాన్ని తయారుచేసే భారీ పని అంతా రైలు వెలుపల, కదలని మంచు కర్మాగారంలో జరిగిపోయేది. రైలు మోసుకుపోయినది ఆ పని ఫలితాన్ని మాత్రమే. అంతకు నూరేళ్ళ క్రితం, 1833లో, ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు తన దేశపు చెరువులలో గడ్డకట్టిన మంచును రంపపుపొట్టులో పొదిగి కలకత్తాకు ఓడలో పంపినదీ ఇదే లెక్కన. బయలుదేరిన 180 టన్నులలో ఇంచుమించు నూరు టన్నులు కరగకుండా చేరాయి. మద్రాసు సముద్రతీరాన నేడు వివేకానందర్ ఇల్లం అని పిలువబడే భవనం ఆనాటి ఐస్‌హౌస్.

ఆ మంచు నేటికీ మన ఇళ్ళను విడిచిపోలేదు. ‘ఒక టన్ను ఏసీ’, ‘ఒకటిన్నర టన్నుల ఏసీ’ అని దుకాణంలో అడుగుతాము. ఆ టన్ను యంత్రం బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల మంచు, ఇరవై నాలుగు గంటలలో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని అదే వ్యవధిలో తోడివేయగల శక్తికి అది కొలమానం. గంటకు లెక్కిస్తే ఇంచుమించు 38 కిలోల మంచు. ముంబై నుండి సూరత్‌కు ఐదు గంటల ప్రయాణం అనుకుంటే, ఒక టన్ను ఏసీ చేసే పనిని మంచుతో చేయించడానికి 190 కిలోల దిమ్మలు బండిలో వేసుకోవాలి. అదే పనిని ఏసీ సుమారు ఐదు యూనిట్ల కరెంటుతో ముగిస్తుంది. ఇంట్లో అయితే ఐదు యూనిట్లు పెద్ద లెక్క కాదు. బండిలో ఆ ఐదు యూనిట్లు ఎక్కడి నుండి రావాలి?

ఇంటి యంత్రం బండెక్కితే

వాతానుకూల యంత్రం చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని వేడిని వాయువు ద్వారా పట్టి, కంప్రెసరుతో నొక్కి, వెలుపలి పెట్టె ద్వారా బయట పారబోస్తుంది. బావిలో నీరు చేదడానికి బలం కావలసినట్టే ఈ వేడిని తోడడానికీ బలం కావాలి. ఒక టన్ను యంత్రానికి ఆ బలం సుమారు వెయ్యి వాట్లు.

ఇంటి కరెంటు 230 వోల్టులు. ఆ లెక్కన వెయ్యి వాట్లకు నాలుగున్నర ఆంపియర్ల ప్రవాహం చాలును; సన్నని తీగ మోయగలదు. సాధారణమైన వ్యాను బ్యాటరీ 12 వోల్టులది. అదే వెయ్యి వాట్లను 12 వోల్టుల వద్ద తీయాలంటే 83 ఆంపియర్లు కావాలి. 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చే ఇన్వర్టరులో పోయే నష్టాన్ని కలిపితే అది నూరు ఆంపియర్లకు చేరువవుతుంది. అంత ప్రవాహానికి వేలెడు లావు రాగితీగ, బిగువైన అతుకులు, బ్యాటరీ పక్కనే తగిన ఫ్యూజు ఉండితీరాలి. వదులైన ఒక్క అతుకు వేడెక్కినా బండి తగలబడే ప్రమాదం ఉన్నది.

ఇక ఇంజనుకు బెల్టుతో తగిలించిన ఆల్టర్నేటరు సంగతి. ఎన్నో వ్యాన్లలో అది ఇవ్వగలిగినది అటుఇటుగా నూరు ఆంపియర్లే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, అంటే కడోదరా కూడలిలో లారీల వెనుక చిక్కుకున్నప్పుడు, అది కూడా ఇవ్వదు. బండి దీపాలు, ఫ్యాన్లు, ఇతర అవసరాలు దాని మీదనే ఆధారపడి ఉంటాయి. అందుచేత ఇంటి ఏసీని నడుస్తున్న బండిలో వాడదలచినవారు ఏసీ కోసమే రెండవ ఆల్టర్నేటరును, దానికి వేరుగా బ్యాటరీలను పెట్టించుకోవలసి వస్తుంది.

బ్యాటరీ మీదనే నడిపితే? తెలుగు ఇళ్ళలో కరెంటు పోయినప్పుడు ఆదుకునే 150 ఆంపియర్ గంటల బ్యాటరీలో నిండా ఉండేది 1.8 యూనిట్లు. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయువు తగ్గుతుంది. అంటే చేతికి వచ్చేది 0.9 యూనిటు. ఏసీ పూర్తి వేగంతో నడిస్తే గంట కూడా నిలవదు. బరువు చూస్తే యాభై కిలోలకు పైమాట. నేటి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఇంతకంటె ఎంతో తేలిక; వాటిలో నిలువ ఉన్న శక్తిలో ఎక్కువ భాగాన్ని వాడుకోవచ్చు. ధర మాత్రం తేలిక కాదు.

ఇక్కడ ఒకే మాటకు రెండు అర్థాలుండి కొనేవారిని తికమక పెడుతున్నది. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె ఒక ఇన్వర్టరు. కంప్రెసరు వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించి పెంచే ఏసీని ‘ఇన్వర్టర్ ఏసీ’ అంటారు, అది వేరు. పాతరకం ఏసీలో కంప్రెసరు ఒక్కసారిగా లేచేటప్పుడు మామూలుకు ఎన్నో రెట్ల కరెంటును గుంజుతుంది. చిన్న ఇన్వర్టరు ఆ దెబ్బకు చతికిలపడుతుంది. ఇన్వర్టర్ ఏసీ మెల్లగా లేస్తుంది. గది ఒకసారి చల్లబడ్డ తరువాత సగం కంటె తక్కువ కరెంటుతో సరిపెట్టుకోగలదు. బండిలో పెట్టదలిస్తే ఈ రకమే నయం.

ఇంతవరకు కరెంటు లెక్క. ఇంటి యంత్రం కదలని గోడను నమ్ముకొని తయారైనది. రహదారి గతుకులు గంటల తరబడి కుదిపితే రాగిగొట్టాల అతుకులు వదులై వాయువు కారిపోతుంది. నేటి ఏసీలలో విరివిగా వాడే ఆర్-32 వాయువుకు కొంతవరకు మండే గుణం ఉన్నది కనుక, ఇరుకైన బండిలో అది కారడం మంచిది కాదు. వేడిని పారబోసే వెలుపలి పెట్టెకు ఎదురుగాలి తగిలితే దాని ఫ్యాను గాలితో పోరాడుతుంది. దారిదుమ్ము రేకుల మధ్య పేరుకుంటుంది. లోపల కారే నీరు మలుపులలో పక్కకు తొణికి పడకల మీద చిందుతుంది. వీటన్నిటికీ విరుగుడులు లేకపోలేదు. రబ్బరు దిండ్లు, వంగే గొట్టాలు, గాలిని మళ్ళించే తొడుగు అమర్చి నడిపేవారున్నారు. అయితే అది దుకాణంలో కొని మేకులు కొట్టి తగిలించే పని కాదు.

చేతులు మారిన శక్తి

ఇదంతా విన్నవారికి ఒక సందేహం కలుగుతుంది. బండికి తయారీలోనే వచ్చే ఏసీ ఇన్ని తిప్పలు లేకుండా ఎలా నడుస్తున్నది? దాని కంప్రెసరును ఇంజను బెల్టే నేరుగా తిప్పుతుంది. 1940 నమూనా ప్యాకార్డ్ కారులో, కర్మాగారంలోనే బిగించిన ఏసీ మొదటిసారిగా వచ్చినప్పుడు ఏర్పాటు ఇదే. దానిని ఆపడానికి మీట కూడా లేదు. ఇంజను ఆపి, మూత ఎత్తి, బెల్టు ఊడదీయవలసి వచ్చేది. ఆ మొరటుతనం పోయినా సూత్రం మారలేదు.

ఇంటి ఏసీ విషయంలో అదే ఇంజను బలం ఆల్టర్నేటరులో కరెంటుగా మారి, బ్యాటరీలో నిలిచి, ఇన్వర్టరులో రూపం మార్చుకొని, చివరికి కంప్రెసరును చేరుతుంది. చేతులు మారిన ప్రతిచోటా దళారి తన వాటా తీసుకుంటాడు. వెయ్యి వాట్ల పని జరగడానికి ఇంజను ఇంచుమించు రెండు వేల వాట్ల బలం ఖర్చు పెట్టవలసి వస్తుంది. ఆ బలం డీజిలు నుండి రావలసిందే.

కనుక సూరత్ బాట మీద సాగే కారవాన్‌కు తేలే లెక్క ఇది. బండి నడుస్తున్నంతసేపు ఇంజనుతో తిరిగే బండి ఏసీ పొదుపైనది. రాత్రి ఎక్కడైనా ఆగి, అక్కడి ప్లగ్గునుండి 230 వోల్టుల కరెంటు తీసుకునే వీలుంటే ఇంటి ఏసీ పొదుపైనది. నడిచేటప్పుడూ ఇంటి ఏసీయే కావాలంటే అది సాధ్యమే. కాని దానికి రెండవ ఆల్టర్నేటరు, బ్యాటరీలు, డీజిలు, బరువు రూపంలో మూల్యం చెల్లించాలి. బండి కప్పుకు లోపలివైపు వేడిని అడ్డుకునే నురుగుపలక, అద్దాలకు మెరుపు తెరలు, పైన తెల్లరంగు వేయిస్తే ఆ మూల్యంలో కొంత భాగం ముందే తగ్గుతుంది. సరాయి కట్టించినవారు దళసరి గోడతో సాధించినదీ అదే.

రైలు వేసుకున్న లెక్క

ఇదే చిక్కును రైల్వేలు ఎంతో పెద్ద ఎత్తున ఎదుర్కొన్నాయి. మంచుదిమ్మల కాలం గడిచిన తరువాత పెట్టె కింద ఇరుసుకు బెల్టులతో ఆల్టర్నేటర్లను తగిలించారు. రైలు పరుగే కరెంటును పుట్టిస్తుంది. సాధారణంగా ఒక్కొక్క ఏసీ పెట్టెకు 25 కిలోవాట్ల ఆల్టర్నేటర్లు రెండు, రైలు ఆగినప్పుడు ఆదుకోవడానికి 110 వోల్టుల బ్యాటరీ. కారవాన్ యజమాని తలపెట్టిన పనికి ఇది అచ్చమైన పెద్దన్న. ఇక్కడా బలం ఉచితంగా రాదు. ఇరుసు తిరగడానికి అడ్డుపడినంత మేరకు రైలింజను ఎక్కువగా లాగాలి.

1972లో బొంబాయి, ఢిల్లీల మధ్య సూరత్ మీదుగా రాజధాని ఎక్స్‌ప్రెస్ మొదలైంది. రైలంతా చల్లగా ఉండే ఇటువంటి బండ్లకు మరొక పద్ధతి అనుసరించారు. రైలు చివర డీజిల్ జనరేటర్ల పెట్టెను తగిలించి, దాని నుండి అన్ని పెట్టెలకు కరెంటు పంపారు. స్టేషనులో ఆ పెట్టె దగ్గర నిలబడ్డవారి చెవులు చిల్లులు పడేవి. ఇటీవలి కాలంలో ఆ డీజిల్ జనరేటర్లకు కూడా విశ్రాంతి లభించింది. ఇంజను పైతీగ నుండి తీసుకునే కరెంటులోనే కొంత భాగాన్ని పెట్టెలకు అందించే విధానం 2018 తరువాత వేగంగా వ్యాపించింది. 2022 సెప్టెంబరు 30న గాంధీనగర్, ముంబైల మధ్య మొదలై సూరత్‌లో ఆగే వందే భారత్ రైలుకు చల్లదనం ఆ తీగనుండే వస్తున్నది.

సూరత్ నగర వీధులలో తిరిగే విద్యుత్ బస్సులు మరొక సమాధానం. వాటిని నడిపే పెద్ద బ్యాటరీయే ఏసీ కంప్రెసరునూ నడుపుతుంది. పన్నెండు వోల్టుల ఇరుకు అక్కడ లేదు. రేపటి కారవాన్ కూడా విద్యుత్ బండి అయినప్పుడు ఇంటి ఏసీ వంటి యంత్రం దానిలో సహజంగా ఇమిడిపోతుంది. అయినా లెక్క తప్పదు. చల్లదనానికి ఖర్చయిన ప్రతి యూనిటు ప్రయాణించగల దూరంలో కొంత కోసివేస్తుంది.

వాసన లేని విషం

లెక్క తప్పితే బ్యాటరీ అయిపోతుంది. అది చిన్న నష్టం. దానిని తప్పించుకోవడానికి వెతికే అడ్డదారి మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఏసీ ఆగకుండా ఉండాలని రాత్రంతా ఇంజనును నడుపుతూనో, పెట్రోలు జనరేటరును బండి కిందనో వెనుకనో పెట్టుకొనో కిటికీలు బిగించి నిద్రపోయేవారు ఉన్నారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు చోటును అది ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు.

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆగి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరు మరణించి కనిపించారు. జనరేటరు నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరీక్షలో తేలింది. చల్లని గదిలో హాయిగా నిద్రపోవాలన్న కోరిక తప్ప ఆ ఇద్దరూ చేసిన సాహసం ఏదీ లేదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని యజమాని తన ఇష్టానుసారం మార్చరాదు. కప్పును కోయడం, అదనపు యంత్రం బిగించడం వంటి పనులకు ముందు రవాణా శాఖ అధికారుల వద్ద విచారించుకోవడం అవసరం. పొగ జాడ తెలిపే చిన్న హెచ్చరిక పరికరం ఒకటి పడక దగ్గర పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

చోదకుని వంతు

కామ్రేజ్ కూడలి వద్ద కాసేపు నిలబడి చూస్తే, ఈ రహదారి మీద కారవాన్లు ఎప్పుడో ఒకటి కనిపిస్తాయి; లారీలు మాత్రం తెంపు లేకుండా సాగుతాయి. సూరత్ చీరలు, దుస్తుల గుడ్డలు దేశంలోని నలుమూలలకు పోయేది వీటిమీదనే. హజీరా రేవు నుండి, కర్మాగారాల నుండి సరుకు కదిలేదీ వీటిమీదనే. లారీని మించి ‘కదిలే ఇల్లు’ అనిపించుకోదగిన బండి లేదు. దాని చోదకుడు అందులోనే తింటాడు, అందులోనే పడుకుంటాడు, వారాల తరబడి అందులోనే బతుకుతాడు.

అతని గది పరిస్థితి ఏమిటి? కాళ్ళ దగ్గర ఇంజను వేడి, నెత్తిమీద కాలిన రేకు, ఎదుట అద్దంలో నుండి ఎండ. ఎన్నో దశాబ్దాలు మన లారీలు ఏసీ లేకుండానే తయారయ్యాయి. సరుకు చెడకుండా ఉండడానికి లారీ వెనుక భాగాన్ని చల్లబరచే యంత్రాలు అమెరికాలో 1930ల చివరనే వచ్చాయి. మందులకు, పాలకు, పండ్లకు దొరికిన చల్లదనం వాటిని మోసుకుపోయే మనిషికి దొరకడానికి మన దేశంలో మరింత కాలం పట్టింది. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన జారీ చేసింది. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యరకం, భారీ సరుకు లారీలలో చోదకుని గదికి వాతానుకూలనం తప్పనిసరి అని దాని సారాంశం.

ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. వేడికి అలసిన మెదడు నెమ్మదిగా ఆలోచిస్తుంది, రెప్పలు బరువెక్కుతాయి, బ్రేకు మీద కాలు క్షణం ఆలస్యంగా పడుతుంది. ఆ క్షణం విలువ ఎదురుగా వస్తున్న బస్సులోని వారందరి ప్రాణాలు కావచ్చు. అయితే కొత్త నియమం కొత్త లారీలకే వర్తిస్తుంది. పాత లారీలు ఇంకా ఎన్నో ఏళ్ళు ఇదే రహదారి మీద తిరుగుతాయి. వాటి చోదకులు మధ్యాహ్నం వేళ దాబా పక్కన చెట్టునీడ వెతుక్కొని, లారీ కిందనే గుడ్డ పరచుకొని పడుకోవడం ఇప్పట్లో ఆగదు.

నూలు కోసం పుట్టిన మాట

లారీ ఎక్కే గుడ్డ ఎక్కడ నేయబడుతున్నదో చూడాలంటే రహదారి వదిలి నగరంలోకి రావాలి. ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలలో అడుగుపెడితే మరమగ్గాల చప్పుడు చెవులను కమ్మేస్తుంది. ఆ చప్పుడు నడుమ తెలుగు మాట వినిపించడం అక్కడ వింత కాదు. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు తరాల క్రితమే వలస వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నది. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భుసావల్, నందుర్‌బార్‌ల మీదుగా అది వీరిని సూరత్‌కు చేరుస్తుంది. ఆ రైలులోనూ ఏసీ పెట్టెలున్నాయి. పండుగకు ఊరికి పోయి తిరిగి వచ్చే మగ్గం కార్మికుడు ఎక్కేది సాధారణంగా ఫ్యాను గిర్రున తిరిగే స్లీపరు పెట్టె, లేదా నిలబడడానికి చోటులేని జనరల్ పెట్టె.

వాతానుకూల యంత్రం చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. 1902లో విలిస్ కారియర్ అమెరికాలో తన తొలి యంత్రాన్ని రూపొందించినది మనుషుల కోసం కాదు. తేమకు కాగితం వ్యాకోచించి రంగులు పక్కకు జరిగిపోతున్న ఒక ముద్రణాలయం కోసం. ‘ఎయిర్ కండిషనింగ్’ అనే మాటను 1906లో వాడుకలోకి తెచ్చినవాడు స్టువర్ట్ క్రేమర్ అనే వస్త్రమిల్లుల ఇంజనీరు. నూలు తెగకుండా మిల్లులోని గాలికి తగిన తేమను పట్టించే పనికి ఆయన పెట్టిన పేరది. అంటే ఈ మాట పుట్టినదే నేతపని ఇంటిలో. మొదట లెక్కలోకి వచ్చినది దారం సౌఖ్యం.

నూరేళ్ళకు పైగా గడిచినా సూరత్‌లోని ఎన్నో మగ్గాల షెడ్లలో నేతగానికి ఆ సౌఖ్యం అందలేదు. రేకుల కప్పు, మోటార్ల వేడి, కదలని తేమగాలి, పన్నెండు గంటల షిఫ్టు. ఒడిశాలోని గంజాం నుండి వచ్చినవాడైనా, తెలంగాణ నుండి వచ్చినవాడైనా అతని అనుభవం ఒకటే. పొరుగునున్న అహమ్మదాబాదు నగరం 2013లో వేసవి తాపాన్ని ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళికను దక్షిణాసియాలోనే మొదటిసారిగా అమలుచేసింది. ముందస్తు హెచ్చరికలు, తాగునీరు, కప్పులకు తెల్లరంగు వంటి చౌక ఉపాయాలు ప్రాణాలు కాపాడగలవని ఆ ప్రయత్నం దేశానికి చూపింది. మగ్గాల షెడ్డుకు ఏసీ పెట్టించడం నేటికి అందని మాట కావచ్చు. రేకుకు తెల్లరంగు, గోడకు గాలిమార్గం అందని మాటలు కావు. కారవాన్‌కు చెప్పిన మొదటి సలహా షెడ్డుకూ వర్తిస్తుంది: వేడిని తోడిపోయడానికి ముందు, అది లోపలికి రాకుండా అడ్డుకోవాలి.

ఈ బాట మీద చల్లదనం నడిచిన వరుసను ఒకసారి గుర్తుచేసుకుంటే ఒక సంగతి స్పష్టమవుతుంది. 1934లో మెయిలు రైలులోని సంపన్నుడు; తరువాత కారు యజమాని; 1972లో రాజధాని ప్రయాణికుడు; ఇప్పుడు కారవాన్ కుటుంబం; 2025లో కొత్త లారీ చోదకుడు. ప్రతిసారీ యంత్రం ముందే తయారుగా ఉన్నది. దానికి కావలసిన శక్తిని ఎక్కడి నుండి తేవాలి, ఆ ఖర్చు ఎవరికోసం భరించాలి అన్న నిర్ణయమే ఆలస్యంగా వచ్చింది. ఇంటి ఏసీని బండికి ఎక్కించాలనుకునే ఔత్సాహికుడు ఆ మొదటి లెక్కను ఒక్క సాయంత్రంలో వేసుకోగలడు. రెండవ లెక్క వేయవలసినది సమాజం. మగ్గం ముందు నిలబడి, భుజం మీది తుండుతో చెమట తుడుచుకుంటున్న నేతగాని వంతు ఆ లెక్కలో ఇంకా రావలసి ఉన్నది.